పెళ్లి సంగతి తర్వాత, ముందు మీ నాన్నకి నిజం తెలియాలి

గుంటూరు నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. తమ్ముడికి 33 ఏళ్లు. తాగుడు వల్ల డిగ్రీ ఆగిపోయింది, అమ్మ గొలుసు తాకట్టుకెళ్లింది, 2021లో నాన్న ఇంట్లోంచి గెంటేశారు. అప్పట్నుంచి విజయవాడలో పద్మావతి ఘాట్ మెట్ల మీద, బస్టాండులో పడుకునేవాడు. ఈవిడ నెలకోసారి బస్సెక్కి క్యారియరు, చేతిలో కొంత డబ్బు ఇచ్చి వచ్చేది. ఇంట్లో మాత్రం "తాగుడు మానేశాడు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం" అని చెప్పింది. పోయినేడాది బస్టాండులో ఫిట్స్ వచ్చి పడిపోతే ఎవరో పెద్దాసుపత్రిలో చేర్చారు, అక్కడ్నుంచి డీ-అడిక్షన్ వార్డు, తర్వాత నైట్ షెల్టరు, మూడు నెలలు ఏసీ మెకానిక్ ట్రైనింగు. ఇప్పుడు ఒక షాపులో పని, పదినెలలుగా చుక్క ముట్టలేదు. ఆవిడ ప్రశ్న: "ఈ మాఘమాసంలో పెళ్లి చేస్తే కుదురుకుంటాడా? పిల్ల వాళ్లకి పాత సంగతి చెప్పాలా?"

అమ్మా, పెళ్లి వద్దు. ఇప్పుడొద్దు. చెప్పకుండా చేయడం అసలే వద్దు, మీ కూతురికి అలాంటి సంబంధం ఎవరైనా దాచిపెట్టి తెస్తే ఊరుకుంటారా మీరు? ఆ ప్రశ్నకి ఇంతకంటే జవాబు లేదు నా దగ్గర.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఇంకో ముక్క. 2022లో మీ అమ్మగారు పోయినప్పుడు తమ్ముడు తెలివిలో లేడని, వాడికి పదో రోజు దాకా చెప్పలేదని, నాన్నకి మాత్రం "లీవు దొరకలేదంట" అని చెప్పానని రాశారు. తలకొరివి మీ పెదనాన్న కొడుకు పెట్టాడు. ఇప్పుడు తమ్ముడి పేరెత్తితే నాన్న లేచి వెళ్లిపోతున్నారు, తాగుడు మీద కోపం ఇంకా పోలేదు అంటున్నారు మీరు.

కాదమ్మా. ఆయన దృష్టిలో వాడు తాగుడు మానేసిన కొడుకు, ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు, ఒళ్లు బాగుండి, జీతం వస్తూ ఉండి కూడా తల్లి చితి దగ్గరికి రాని కొడుకు. తాగుబోతునైతే ఏ తండ్రైనా ఏదో ఒకరోజు క్షమిస్తాడు, ఇలాంటి కొడుకుని ఎట్లా క్షమిస్తాడు చెప్పండి. వాడు ఘాట్ మెట్ల మీద స్పృహ లేకుండా పడున్నాడని తెలిస్తే ఆయన ఏడ్చేవాడేమో, కొట్టేవాడేమో, కానీ ఇలా నాలుగేళ్లు రాయిలా అయిపోయేవాడు కాదు. మీరు పరువు కోసం చెప్పిన అబద్ధం వాడి తాగుడు కంటే ఎక్కువ చెడగొట్టింది. కటువుగా ఉందని తెలుసు, మీరు వాడి కోసం పడ్డ కష్టం చిన్నది కాదనీ తెలుసు, నెల నెలా ఆ క్యారియరు లేకపోతే వాడు ఉండేవాడో లేదో. కానీ తండ్రికీ కొడుక్కీ మధ్య మీరు నిలబడిపోయారు, ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనపడట్లేదు, అసలు రోగం నాకు అక్కడే కనిపిస్తోంది.

"షెల్టర్‌లో ఉంటున్నాడని చెప్పుకోడానికి సిగ్గు" అని రాశారు, ఆ మాట నాకు నచ్చలేదు. పట్టణ జీవనోపాధి మిషన్ కింద లక్ష జనాభాకి కనీసం వంద మందికి చోటుండాలని లెక్క పెట్టి కట్టినవి అవి, మన రాష్ట్రంలో పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ మెప్మా చూస్తుంది. ఎవరి దయా కాదు. పడుకోడానికి చోటు, స్నానానికి నీళ్లు, సామాను పెట్టుకోడానికి ఒక మూల లేకపోతే పొద్దున్నే ట్రైనింగుకి ఏ మనిషి వెళ్లగలడు? ఘాట్ మీద పడుకునేవాడికి చెప్పులు పక్కన పెడితే తెల్లారేసరికి ఉండవు. మీ తమ్ముడు పదినెలలు నిలబడ్డాడంటే సగం ఆ మంచం వల్లే.

మిగతా సగం పని వల్ల. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు, బురద పట్టిన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు కూలీకి మోశాడని, ఒక మెకానిక్ "మోయడం కాదురా, నేర్చుకో" అన్నాడని రాశారు కదా. తాగుతూనే ఆ మాట గుర్తు పెట్టుకున్నాడు చూడండి. మొన్న బ్రేజింగ్, అంటే మంటతో రాగి గొట్టాలు అతికే పని, చేస్తుంటే బొటనవేలు కాలిందని, ఆ మచ్చ చూపించి నవ్వాడని కూడా రాశారు, మీరేమో ఒక్క లైనులో దాటేశారు. నేను రెండుసార్లు చదివాను. ఒకప్పుడు టీ గ్లాసు తొణక్కుండా పట్టుకోలేని చెయ్యి అది. ఇప్పుడు కాపర్ ట్యూబు మూతి గరాటులా విప్పి ఫ్లేర్ చేస్తోంది, అది కొంచెం వంకరొస్తే గ్యాస్ లీకై రెండో రోజే కస్టమర్ ఫోన్ చేస్తాడు. ఆ చేతికి ఇప్పుడు జీతం వస్తోంది. అందుకే మీరు కొనిస్తానంటున్న బైకు కొనకండి. టూల్ బ్యాగు భుజానేసుకుని సిటీ బస్సులో తిరగనివ్వండి, వాడే కూడబెట్టి కొనుక్కుంటాడు. చేతికి డబ్బివ్వడం కూడా ఈ నెల నుంచే ఆపేయండి. నా నమ్మకం ఇది, మగాడైనా ఆడదైనా తన కూడు తను సంపాదించుకున్న రోజు తల ఎత్తుతారు, అక్క ఇచ్చిన వందలతో ఎన్నేళ్లయినా ఎత్తలేరు.

చివర్లో భయపడుతూ ఒకటి అడిగారు, మందు మానిపించే మాత్ర ఏదో క్యారియర్‌లో కలిపి పెట్టనా అని. అమ్మా, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. డైసల్ఫిరామ్ అనే మాత్ర అది, డాక్టరు మనిషికి చెప్పి, వాడు ఒప్పుకున్నాకే ఇస్తారు. తెలియక, ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. పైగా అక్క అన్నంలో ఏదో కలిపిందని తెలిసిన రోజు వాడు ఇంకెవర్నీ నమ్మడు.

మళ్లీ జారతాడేమో అన్న భయం మాత్రం న్యాయమైనదే. జారొచ్చు. జీతం రోజు, పండగ రోజు, ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, వీటి దగ్గరే జారతారు. జీతం బ్యాంకులో పడేట్టు ఓనర్‌ని వాడే అడగాలి. ఒకవేళ మళ్లీ రోజూ తాగుడు మొదలైతే ఇంట్లో గదిలో పెట్టి గొళ్లెం వేయకండి, అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లోపే ఫిట్స్ రావొచ్చు, మతి తప్పొచ్చు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. పోయినేడాది బస్టాండులో పడిపోయిందీ మందు దొరకని రెండో రోజే అని మీరే రాశారు. నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. మత్తు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లకి కూడా దారి చెప్తారు, డబ్బులు అక్కర్లేదు.

ఇక చేయాల్సింది. ముందు మీరు మీ నాన్న దగ్గర కూర్చుని, హైదరాబాద్ అబద్ధమని, లీవు అబద్ధమని, అమ్మ పోయిన రోజు వాడు ఎక్కడున్నాడో మీ నోటితో చెప్పండి. గుండె ఆగిపోతుందని భయపడుతున్నారు, భార్య పోయినా తట్టుకున్న మనిషి ఆయన. ఆయన తిడితే పడండి, ఆ తిట్లు మీవే. తమ్ముడు ఏసీ పని చేస్తున్నాడని గొప్పగా చెప్పకండి, ఆ మాట వాడికి వదిలేయండి. తర్వాత వచ్చే ఆదివారం వాడు ఒక్కడే గుంటూరు రావాలి, అమ్మ ఫోటో ముందు నిలబడాలి, తండ్రికి చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి. ఆయన గేటు తీస్తారో లేదో నాకు తెలీదు. తీయకపోతే వాడు సాయంత్రం బస్సుకి తిరిగెళ్లి సోమవారం పనికెళ్తాడు, మళ్లీ ఇంకో ఆదివారం వస్తాడు.

ఆ రోజు మీరు పుట్టింటికి వెళ్లొద్దు, వాడికి ఫోన్ కూడా చేయొద్దు. వాడే చేస్తాడు.