గద్ద కాళ్ళు చూడు

చిరంజీవి చిన్నాకి, మామయ్య ఆశీస్సులు.

బైనాక్యులర్ కొన్నావని, చేపల కోసం నీళ్ళలోకి దూకే కొరమీను గద్దను (ఆస్ప్రే) చూడ్డానికి బయల్దేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నా మాట విని, మొదటి నాలుగు రోజులైనా కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళు. నా మొదటి ఏడాదంతా దాన్ని సవరించుకోవడంతోనే సరిపోయింది. తలెత్తి చూసేసరికి నీళ్ళ మీద వలయాలే మిగిలేవి.

పొద్దున్నే ఎండ వీపుకు తగిలేలా ఒడ్డున కూర్చో. తెల్లటి తల, కంటి మీదుగా మెడదాకా ముదురు గోధుమరంగు పట్టీ, ఎగిరేటప్పుడు మధ్యలో విరిగినట్టు వంగిన రెక్కలు ఉంటే అదే. రెక్కలు చాస్తే ఒకటిన్నర మీటరుకు పైనే గానీ బరువు ఒకటిన్నర కిలోకు అటూ ఇటూ, అంతే.

గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచిందా, ఇక రెప్ప వెయ్యకు. అందరూ ముక్కు వైపు చూస్తారు. నువ్వు కాళ్ళు చూడు. నీళ్ళలో పడేముందు వాటినే ముందుకు చాస్తుంది. మీటరు లోతుకు మించి పోలేదు, అందుకే పైపైన తిరిగే చేపలే దానికి చిక్కేది. పాదాల అడుగున గరుకైన ముళ్ళుంటాయి. బయటి వేలు వెనక్కి తిరుగుతుంది. ముందు రెండు, వెనక రెండు వేళ్ళతో పటకారు పట్టు పడుతుంది. ఎంత జారుడు చేపైనా ఇంకెక్కడికి పోతుంది?

అయినా చాలాసార్లు ఉత్త కాళ్ళతోనే లేస్తుంది. నువ్వు విసుక్కుంటావేమో, అది మాత్రం గాల్లోనే తడిసిన కుక్కలా ఒళ్ళు దులుపుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. ఒకసారి సరిగ్గా నా నెత్తి మీదుగా పోతూ, అడ్డంగా పట్టిన చేపను కాళ్ళు మార్చుకుని తల ముందుకు వచ్చేలా తిప్పుకుంది. తోక ఇంకా కొట్టుకుంటూనే ఉంది. అలా తిప్పుకుంటే గాలికి అడ్డం పడదు మరి.

చేపతో లేచిందని వెంటపడకు. తినడానికి వాలిన కొమ్మ గుర్తుపెట్టుకో, మళ్ళీ అక్కడికే రావచ్చు.

గూడు జోలికి మాత్రం పోవద్దు. ఏటా అదే గూటికి పుల్లలు చేరుస్తుంది కాబట్టి మోపులా పెరిగి దూరం నుంచే కనబడుతుంది. మామూలుగా మూడు గుడ్లు, అయిదారు వారాల పొదుగు. నిన్ను చూసి అదే పనిగా ఈలలాంటి అరుపులు మొదలుపెడితే దగ్గరికొచ్చేశావని అర్థం, వెంటనే వెనక్కి తగ్గు. నువ్వక్కడున్నంతసేపూ గుడ్లు చల్లబడతాయి.

ఎన్నిసార్లు దూకింది, ఎన్నిసార్లు చేపతో లేచింది నోటుబుక్కులో రాసి నాకు పంపు. ఉత్తగా లేచినవి దాచకు.

మీ మామయ్య