వారానికోసారి స్టార్ట్ చేయడం మానండి, ఎర్త్ కేబుల్ విప్పండి

"చలికాలం నాలుగు నెలలు పాత కారు షెడ్డులోనే ఉంటుంది. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే బ్యాటరీ నిలుస్తుందా, చార్జర్ కొనాలా?" అని అడిగారు. నిలవదు. పాత కార్ల విషయంలో ఇంతకన్నా చెడ్డ సలహా ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం.

మీ బండిలో ఆల్టర్నేటర్ కాక డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే పాత రకం జనరేటర్) ఉంటే, ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు, అది దాదాపు ఏమీ చార్జ్ చేయదు. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటూనే ఉంటుంది, గమనించండి. స్టార్టర్ లాగేసింది కూడా సరిగా వెనక్కి రాదు. పైగా ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపేస్తారు కాబట్టి సైలెన్సర్‌లో చేరిన నీరు అక్కడే నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది, ఇంజన్ ఆయిల్లోకి తేమా పెట్రోలూ దిగుతాయి. స్టార్ట్ చేస్తే అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి, లేదంటే తాళం జోలికే పోకూడదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీలో చార్జ్ తగ్గే కొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. ఆలస్యం చేయకుండా మళ్ళీ చార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి ఇక కరగదు, ఆ మేరకు కెపాసిటీ పోయినట్టే. 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. దాన్ని 12.4 కిందికి దిగనివ్వకూడదు, అంతే. చార్జర్ తీసిన వెంటనే కొలిస్తే లేని నిండుతనం చూపిస్తుంది, రాత్రంతా వదిలి పొద్దున కొలవండి. గడ్డకట్టే చలి ఉన్నచోట ఇంకో ప్రమాదం ఉంది. నిండు బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలోది మాత్రం మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకట్టి కేసు పగులుతుంది.

చార్జర్ కొనేముందు కారు కరెంటు ఎంత తాగుతోందో చూడండి. అన్నీ ఆపేసి, ఎర్త్ కేబుల్ (బ్యాటరీని కారు బాడీకి కలిపే తీగ) విప్పి, ఆ కేబుల్‌కీ బ్యాటరీ టెర్మినల్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ప్రోబ్ 10 ఆంపియర్ల సాకెట్‌లోనే ఉండాలి. 50 మిల్లీ ఆంపియర్లు కనిపిస్తే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. అంటే 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 25 రోజుల్లో సగానికొస్తుంది. సున్నా కనిపించిందని వెంటనే తీసేయకండి, రెండు మూడు నిమిషాలు ఆగండి. పాత కార్లు చాలావాటిలో గడియారం స్ప్రింగుతో నడుస్తుంది. స్ప్రింగు వదులైనప్పుడల్లా లోపలి పాయింట్లు కలిసి, కాయిల్ 'టక్'మని దాన్ని మళ్ళీ బిగిస్తుంది, అప్పుడు మీటర్ ఒక్కసారి ఎగిరి పడుతుంది. మిల్లీ ఆంపియర్ సాకెట్‌లో పెట్టి ఉంటే మీటర్ ఫ్యూజు అక్కడే పోతుంది. అసలు నష్టం గడియారానికే: బ్యాటరీ బాగా దిగితే కాయిల్‌కి స్ప్రింగు బిగించే బలం చాలక పాయింట్లు అతుక్కునే ఉండిపోతాయి, కాయిల్ కాలిపోతుంది. నిల్వలో పెట్టే కారుకి ఎర్త్ కేబుల్ విప్పి తీరాలనేది ఇందుకే. ముందు ఎర్తే విప్పాలి. అవతలిది ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి షార్టవుతుంది. పాత బ్రిటిష్ కార్లు చాలావాటిలో ప్లస్సే ఎర్త్, చూసుకోండి.

చార్జర్ అంటే మెయింటెనర్ కొనండి, అంటే బ్యాటరీ నిండాక వోల్టేజీ తగ్గించి దాన్ని నిండుగా నిలిపి ఉంచే రకం. ఒక ఆంపియర్‌ది చాలు. నిండాక అది 13.2 నుంచి 13.6 వోల్టుల దగ్గర నిలబడాలి, చలిలో కాస్త ఎక్కువ చూపినా ఫర్వాలేదు. డబ్బా మీద 'ఆటోమేటిక్' అని రాసి ఉంటే నమ్మేయకండి, ఒకరోజు తర్వాత టెర్మినళ్ళ దగ్గర కొలవండి. ఇంకా 14 పైనే ఉంటే అది నెలల తరబడి నీళ్ళు ఆవిరి చేసి ప్లేట్లు బయటపెట్టే రకం. పాత ట్రాన్స్‌ఫార్మర్ ట్రికిల్ చార్జర్లు (ఆగకుండా కొద్దికొద్దిగా కరెంటు పంపేవి) చాలావరకు ఈ బాపతే. 6 వోల్టుల కారుకి 6 వోల్టుల సెట్టింగ్ ఉన్నదే తీసుకోండి. ఎర్త్ ఏదైనా సరే, ఎర్ర క్లిప్పు ఎప్పుడూ ప్లస్ టెర్మినల్‌కే. సిగరెట్ లైటర్ సాకెట్ ద్వారా చార్జింగ్ పెట్టొద్దు, ప్లస్ ఎర్త్ కార్లలో అది తిరగబడుతుంది. క్లిప్పులు పెట్టాకే స్విచ్ వేయండి, గాలి ఆడేలా చూడండి, హైడ్రోజన్ వస్తుంది.

డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోసి మట్టం సరిచేయండి, ముందే నింపితే పొంగి యాసిడ్ కారుతుంది. మట్టం తగ్గి ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేవరకు ముందే పోయాలి. టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి ఉంటే వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి. మూతలు బిగించే ఉంచండి, సోడా లోపల పడకూడదు. బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే చార్జ్ దిగిపోతుందనేది ఇప్పటి ప్లాస్టిక్ కేసులకు వర్తించదు.

మెయింటెనర్ తగిలించే ముందు హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచే సాధనం) ఒక్కో సెల్ చూడండి. పూర్తిగా చార్జ్ చేసిన బ్యాటరీలో అన్నీ 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి. ఒక సెల్ మాత్రం మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీని చార్జర్ మీద వదలకండి. మొత్తం వోల్టేజీ పైకి రాక చార్జర్ ఆగదు, బాగున్న ఐదు సెల్‌లనూ ఉడికించేస్తుంది.