పబ్లిక్ పాలసీ చదవాలంటే పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. పసుపు, వరి వేస్తాం. మా అమ్మాయి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ ఫైనలియర్ చదువుతోంది. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తన సబ్జెక్టులు. పబ్లిక్ పాలసీలో పీజీ చేస్తానని పట్టుబట్టింది. ఒక ప్రైవేటు సంస్థలో అడిగితే రెండేళ్లకు హాస్టల్‌తో కలిపి 12 లక్షలు అన్నారు. అరెకరం అమ్మాలా, లోన్ తీసుకోవాలా? ఇది చదివితే కలెక్టర్ అవుతుందా?

జవాబు: పొలం అమ్మకండి. లోన్ సంగతి కూడా ఒకసారి లెక్క వేసి చూద్దాం. 12 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుని ఏడేళ్లలో కట్టాలంటే నెలకు దాదాపు 20,500 రూపాయల కిస్తీ పడుతుంది. చదువుకునే రెండేళ్ల వడ్డీ ఇందులో కలపలేదు. ఈ రంగంలో మొదటి ఉద్యోగాలు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన సంస్థల్లో, ప్రభుత్వ పథకాల కన్సల్టెంట్లుగా దొరుకుతాయి. అక్కడ తొలి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు. అంత కిస్తీ నెత్తిన ఉంటే అమ్మాయి తనకు నచ్చిన పని వదిలేసి, జీతం ఎక్కడ ఎక్కువైతే అక్కడికి పోవాల్సి వస్తుంది.

ఇక కలెక్టర్ మాట. కాదండీ. సివిల్స్ ఏ డిగ్రీతోనైనా రాయొచ్చు, దానికి ఈ పీజీ అడ్డదారేమీ కాదు.

మరి ఇందులో ఏం నేర్పుతారు? మీకు తెలిసిన సంగతితోనే చెబుతాను. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మీ నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వాళ్లలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపు బోర్డు కావాలని అడిగారు. 2023 అక్టోబరులో కేంద్రం బోర్డును నోటిఫై చేసింది, 2025 జనవరిలో నిజామాబాద్‌లో అది మొదలైంది. పసుపుకు మాత్రం ఇప్పటికీ కనీస మద్దతు ధర లేదు. అలాంటప్పుడు బోర్డు వల్ల రైతుకు నిజంగా ఏం మారుతుంది? ఎగుమతి పెరిగితే యార్డులో క్వింటాల్ ధర పెరుగుతుందా, లేక ఆ లాభం మధ్యలోనే ఆగిపోతుందా? ఉడకబెట్టడానికి, పాలిష్‌కు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? ఇలాంటి ప్రశ్నకు లెక్కలతో, చట్టంతో, ఊళ్లో నలుగురిని అడిగి జవాబు వెతకడమే పబ్లిక్ పాలసీ. కాబట్టి కోర్సు పేరులో ఆ రెండు మాటలు ఉన్నాయా లేదా అన్నది పెద్ద విషయం కాదు. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ గట్టిగా నేర్పుతారా, ఫీల్డ్ వర్క్‌కు పంపుతారా, అది చూడండి.

మీకు దగ్గర్లోనే హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ క్యాంపస్ ఉంది. పబ్లిక్ పాలసీ అండ్ గవర్నెన్స్‌లో ఎంఏ చెప్పే చోటు అది. మీకు చెప్పిన 12 లక్షలతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. అది దొరక్కపోతే గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ గానీ పొలిటికల్ సైన్స్ గానీ. అక్కడ కోర్సు ఫీజు కన్నా మెస్ బిల్లే ఎక్కువవుతుంది. నన్నడిగితే ఎకనామిక్స్‌కే ఓటు. కాకపోతే లెక్కలంటే భయం ఉంటే మొదటి సెమిస్టర్‌లోనే చుక్కలు కనిపిస్తాయి, ఇప్పటి నుంచే ఇంటర్ మ్యాథ్స్ పుస్తకం తీయమనండి. ఈ రెండు చోట్లకూ సీయూఈటీ పీజీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష రాయాలి. ఫారాలు మామూలుగా డిసెంబరు, జనవరి ప్రాంతంలో వస్తాయి. ఏ కోర్సుకు ఏ పేపర్ రాయాలో ముందే చూసుకోవాలి. తప్పు పేపర్ ఎంచుకుని ఏడాది పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీకి కూడా అప్లై చేయించండి. ప్రైవేటు అనగానే వెనక్కి తగ్గకండి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, కొందరికి ఫీజు, హాస్టల్ మొత్తం మాఫీ అవుతాయి. నేషనల్ లా స్కూల్, బాంబే ఐఐటీ, ఢిల్లీ ఐఐటీల్లోనూ పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉన్నాయి. మంచివే, కానీ మీ అమ్మాయికి అవి మొదటి గురి కానక్కర్లేదు.

ఇవేవీ కుదరకపోతే ఉస్మానియాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉంది. రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే చాలు, అర్హత ఉంటే రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చు. డబ్బు ఎప్పుడు పడుతుందన్నది వేరే కథ.

డబ్బు కట్టే పని లేకుండా, ఎదురు డబ్బు ఇచ్చే దారి కూడా ఒకటుంది. చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ అనే సంస్థ ల్యాంప్ ఫెలోషిప్ నడుపుతుంది. ఎంపిక చేసినవాళ్లను ఒక ఎంపీ దగ్గర పెడతారు. సభలో అడిగే ప్రశ్నలకు, బిల్లులపై ప్రసంగాలకు సమాచారం తయారుచేయడం పని. స్టైపెండ్ ఇస్తారు. డిగ్రీ ఉండి 25 ఏళ్లు దాటకపోతే చాలు. ఇంగ్లిష్‌లో వ్యాసం రాయాలి, పల్లె పిల్లలు అక్కడే జంకుతారు. పసుపు బోర్డు మీద రెండు పేజీలు ఇప్పుడే రాయమనండి. సీజన్‌లో మీరు నిజామాబాద్ యార్డుకు సరుకు తీసుకెళ్లినప్పుడు తనూ వచ్చి కమీషన్ ఏజెంట్‌నూ, హమాలీనీ అడిగి రాస్తే, ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్ల దగ్గర లేని సరుకు తన దగ్గర ఉంటుంది. ఇంటర్వ్యూల్లో కూడా అదే పనికొస్తుంది.

ఆ ప్రైవేటు సంస్థవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే రెండు మాటలు అడగండి. పోయినేడు బయటికొచ్చిన పిల్లలందరూ ఎక్కడ చేరారో జాబితా ఇస్తారా? బ్రోచర్‌లో ఫొటోలున్న పెద్దమనుషుల్లో వారం వారం క్లాసుకు వచ్చేది ఎవరు? తడబడితే మీకే అర్థమవుతుంది.

అప్పటికీ లోన్ తప్పదనిపిస్తే పీఎం విద్యాలక్ష్మి పథకం చూడండి. అందులో ఉన్న సంస్థల్లో సీటొస్తే హామీ లేకుండా లోన్ ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు లోన్‌పై చదువుకునే కాలంలో వడ్డీ 3 శాతం తగ్గుతుంది.

మరో మాట. మీరు బీసీలైతే సెంట్రల్ సంస్థలకు రాష్ట్ర కుల సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. కౌన్సెలింగ్ రోజున దీనికోసం ఉరుకులు పరుగులు పెట్టేవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను. ఆదాయం సర్టిఫికెట్‌తో పాటు దాన్నీ ముందే తీయించి పెట్టండి.