పసుపు పూల కప్ ప్లాంట్ గింజలు మొలవకపోతే

పసుపు పూల మొక్క గింజలు రెండుసార్లు చల్లినా ఒక్కటీ మొలవలేదని ఒకరు రాశారు, వారికి ఈ జవాబు. మీరు పువ్వు మధ్యలోని గుండ్రని భాగం దులిపి గింజలు తీసినట్టున్నారు, అందుకే మొలవలేదు. కాండం నలుపలకలుగా ఉందని, ఎదురెదురు ఆకులు మొదట్లో కలిసిపోయి వాన నీళ్లు దొప్పలో లాగా నిలుస్తున్నాయని రాశారు కదా, కాబట్టి అది పొద్దుతిరుగుడు కాదు, కప్ ప్లాంట్ (శాస్త్రీయ నామం సిల్ఫియమ్ పెర్ఫోలియాటమ్). పొద్దుతిరుగుడుకి గింజ మధ్యలో కడుతుంది. దీనికి మధ్యలో ఉన్నదంతా తాలు, గింజ పడేది చుట్టూ పసుపు రేకులున్న వరసలోనే. చాలామంది పొరబడేది ఇక్కడే.

1. పువ్వు పూర్తిగా ఎండి గోధుమ రంగుకి తిరిగాక, అంచు వరసలో పల్చగా, రెక్కల్లాంటి అంచుతో ఉండే గింజలు మాత్రమే తీయండి.
2. తడి ఇసుకలో కలిపి, కవర్లో వేసి ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు. పొడిగా పెట్టినా లాభం లేదు.
3. తర్వాత ఒక సెంటీమీటరు లోతున, ఎండ బాగా పడేచోట నాటండి. ముదిరాక తీసి వేరే చోట పెట్టడం కష్టం, పైగా రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, చోటు ముందే చూసుకోండి.

మొదటి ఏడాది నేలబారు ఆకులే వస్తాయి, దొప్పలు కనపడవు, కలుపు మొక్క అనుకుని పీకేయకండి (నేను పీకేశాను). పూలు రెండో ఏడో, మూడో ఏడో.