అల్లుడూ, సీసా పెంకులతో బ్లాకులు పోసే ముందు ఇది చదువు

ఒరే అల్లుడూ,

కావలిలో దారుల్లో పరిచే పేవర్ బ్లాకుల యార్డు పెడుతున్నావని, అందులో పగిలిన సీసాల గాజు కలుపుతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచిదే, నేను వద్దనను. కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాక టెన్షన్ పట్టుకుంది. అందులో ఉన్నది పొడి కాదురా, పెంకులు, కందిపప్పంత ముక్కలు. ఇసుక బదులు అవి వేసేస్తే చాలని నీకెవరు చెప్పారో గానీ, ఆ తప్పు నేను ఎప్పుడో చేసి చూశాను.

మన నెల్లూరు ఇంటి వాకిట్లో ఇప్పుడు నాపరాళ్లున్నాయే, వాటికి ముందు అక్కడ నేను పోసిన గాజు కాంక్రీటు ఉండేది. ఆకుపచ్చ ముక్కలు, గోధుమరంగు ముక్కలు వేసి పైన పాలిష్ పట్టించాను. పొద్దున ఎండ పడితే తళతళలాడేది, వచ్చినవాళ్లంతా వంగి వంగి చూసేవాళ్లు. రెండేళ్లు బాగానే ఉంది. మూడో ఏడు కార్తీకం వానలు వెళ్లాక చూస్తే, చెరువు ఎండితే అడుగు నెర్రెలిచ్చినట్టు వాకిలంతా బీటలు, ఆ బీటల్లోంచి తెల్లటి బంక. సిమెంటు తక్కువేశాడని మేస్త్రీని నానా మాటలన్నాను. పాపం, వాడి తప్పేమీ లేదు.

జరిగేది ఏందంటే, సీసా గాజులో 70 శాతం పైగా సిలికానే. చిల్లకూరు, కోట వైపు నుంచి లారీల్లో పోయే తెల్ల ఇసుక కూడా సిలికానే, కానీ అందులో అణువులు ఒక వరసలో బిగిసి ఉంటాయి, గాజుగా కరిగించాక ఆ వరస పోతుంది. సిమెంటులోని క్షారం అలాంటి సిలికాను ఇట్టే పట్టుకుని బంకలా చేస్తుంది, ఆ బంక నీళ్లు తాగి ఉబ్బుతుంది, కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. క్షారానికి, కొన్ని రకాల కంకరకు మధ్య జరిగే ఈ తంతును కాలిఫోర్నియాలో స్టాంటన్ అనే ఇంజినీరు 1940లోనే బయటపెట్టాడు. తేమ లేకపోతే ఇది సాగదు, కానీ మనకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లూ వాయుగుండాలూ, తేమకు కొదవేముంది?

విచిత్రమేందంటే అదే గాజును మైదాపిండిలా రుబ్బితే కథ తిరగబడుతుంది. అంత మెత్తటి పొడి మొదటి వారాల్లోనే సిమెంటులో పుట్టే సున్నంతో కలిసి గట్టిపడుతుంది, అంటే అదే ఒక రకం సిమెంటుగా పనిచేస్తుంది, తర్వాత ఉబ్బడానికి ముక్కంటూ మిగలదు. 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలోంచి మొత్తం దిగాలి, ఇంకా సన్నగా ఉంటే మరీ మేలు. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడిందా, మళ్లీ బాల్ మిల్లులో, అదే గుండ్లతో రుబ్బే యంత్రంలో వెయ్యి. నీ ఖర్చంతా ఇక్కడే, కరెంటు బిల్లులో. అందుకే యంత్రం కొనకముందే కేజీ పొడికి ఎంత పడుతుందో లెక్క వేసుకో. నేలటూరు థర్మల్ స్టేషన్ బూడిద మనకు పక్కనే ఉంది, అదీ ఇదే పని చేస్తుంది. గాజు పొడి దానికన్నా ఖరీదైతే ఈ యవ్వారమే వద్దు, మొహమాటం లేకుండా చెబుతున్నా.

సరుకు సంగతి. పగలని సీసాలు రుబ్బకు, అవి కడిగి మళ్లీ వాడేవాళ్లకు పోవాలి. రంగులు కలిసిపోయి గాజు ఫ్యాక్టరీలు తీసుకోని పెంకులే నీకు కావాలి, పాత సామాన్ల కొట్లలో అడుగు. ట్యూబ్‌లైట్లు ముట్టుకోకు, వాటిలో పాదరసం ఉంటుంది. పాత టీవీ తెరల్లో సీసం ఉంటుంది. కూల్‌డ్రింక్ సీసాలు కడగకుండా వేస్తే ఆ చక్కెర సిమెంటును గట్టిపడనివ్వదు, పొద్దున పోసిన బ్లాకు మర్నాటికీ మెత్తగానే ఉంటుంది. ఇక మూతలు. అల్యూమినియం ముక్క ఒక్కటి పొడిలో పడినా సిమెంటు క్షారానికి గ్యాస్ పుట్టి బ్లాకులో బుడగలు లేస్తాయి, కాబట్టి ఏరడానికి ఓపికున్న మనిషిని పెట్టు. మాస్కు, గ్లవ్స్ లేకుండా ఎవరినీ మిల్లు దగ్గరికి రానివ్వకు, ముఖ్యంగా నువ్వు.

సిమెంటు ఓపీసీ 53 గ్రేడే తీసుకో, అంటే బూడిద కలపని మామూలు సిమెంటు. పీపీసీ అనే కలిపిన సిమెంటులో ఫ్యాక్టరీవాళ్లు ముందే 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలుపుతారు, దాని మీద నువ్వు గాజు కూడా కలిపితే బలం రావడం మరీ ఆలస్యమవుతుంది. మొదట 45 కేజీల సిమెంటుకు 5 కేజీల పొడి. అది కుదిరాకే 40కి 10. అంతకు మించి ఆశపడకు. సిమెంటు కన్నా గాజు తేలిక కదా, అదే బరువుకు పొడి ఎక్కువ వస్తుంది, తట్టలతో కొలవొద్దు, కాటా పెట్టు.

బలం పరీక్షకు క్యూబులు, అంటే కాంక్రీటు దిమ్మలు పోసేటప్పుడు గాజు లేనిది, 10 శాతం, 20 శాతం, మూడు రకాలూ పొయ్యి. ఒక్కో రకానికి 7, 28, 90 రోజులకు మూడేసి, మొత్తం 27. ఏడో రోజు గాజు క్యూబు వెనకబడి ఉంటుంది, కంగారుపడి సిమెంటు పెంచకు, తర్వాత తర్వాత అందుకుంటుంది. కానీ క్యూబు గట్టిగా ఉంటే బీటలు రావని కాదు, దానికి వేరే పరీక్ష ఉంది. సన్నటి మోర్టారు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కడ్డీలను 80 డిగ్రీల సోడియం హైడ్రాక్సైడ్, అదే కాస్టిక్ సోడా ద్రావణంలో 14 రోజులు ఉంచి ఎంత సాగిందో కొలుస్తారు. 0.10 శాతం లోపైతే ధైర్యంగా ముందుకెళ్లు, 0.20 దాటితే ఆ సరుకు పారెయ్యి. కాస్టిక్‌తో పని, ఇంట్లో ప్రయోగాలు చేయకు, ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో డబ్బు కట్టి చేయించు.

మొదటి ఏడాది కాలిబాటలు, ప్రహరీ పక్కన దారులు, అంతవరకే. స్లాబుకి, పిల్లర్లకి ఎవరడిగినా ఇవ్వొద్దు, మీ నాన్న అడిగినా సరే.

ఆదివారం నెల్లూరు రా. మీ అత్తయ్య చేపల పులుసు చేస్తానంటోంది. నువ్వు రుబ్బించిన పొడి ఒక కేజీ కవరులో పట్టుకురా, నా పాత 75 మైక్రాన్ల జల్లెడ అటక మీదే ఉంది, దించి పెడతాను.

మీ మామయ్య