పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాక స్పీకర్లు మూగబోతే

ప్రశ్న: పాత ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేశాను. వాల్యూమ్ నిండుగా పెట్టినా స్పీకర్లు పలకవు. ఎందుకు?

ఎక్కువసార్లు డ్రైవర్ బాగానే ఉంటుంది, సౌండే తప్పుడు దారిలో పోతుంటుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దండగ పని. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) ఏప్లే కమాండ్‌కు హైఫన్, చిన్న ఎల్ చేర్చి (aplay -l) కొట్టండి. సౌండ్ కార్డుల జాబితా వస్తుంది. హాస్‌వెల్ తరం (ఇంటెల్ నాలుగో తరం కోర్ ప్రాసెసర్ల) మెషీన్లలో టీవీకి సౌండ్ పంపే హెచ్‌డీఎంఐ 0వ కార్డుగా, అసలు స్పీకర్లున్న పీసీహెచ్ (PCH) 1వ కార్డుగా కనిపించడం మామూలే. అంటే సౌండ్ అక్కడ లేని టీవీకి పోతోందన్నమాట. పావుకంట్రోల్ (pavucontrol) అనే సౌండ్ సెట్టింగుల ప్రోగ్రామ్ తెరిచి, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెచ్‌డీఎంఐ ప్రొఫైల్‌ను ఆఫ్ చేయండి.

అయినా పలకకపోతే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer) అనే వాల్యూమ్ ప్రోగ్రామ్ నడిపి, ఎఫ్6తో పీసీహెచ్ ఎంచుకోండి. మాస్టర్, స్పీకర్ పట్టీల కింద ఎంఎం అని ఉంటే అది మ్యూట్. బాణం కీతో దాని మీదికెళ్లి ఎం నొక్కితే 00 అవుతుంది. పాత మెషీన్లలో ఇంకో తిరకాసు: జాక్ అరిగినా, దుమ్ము పట్టినా హెడ్‌ఫోన్ పెట్టారనుకుని మెషీన్ స్పీకర్లను ఆపేస్తుంది. అక్కడే ఆటో-మ్యూట్ మోడ్‌ను డిసేబుల్డ్‌కు మార్చండి. ఈ మార్పులు సేవ్ అయ్యేలా, రీబూట్‌కు ముందు సుడోతో ఆల్సాసీటీఎల్ స్టోర్ (sudo alsactl store) ఇవ్వడం మరవకండి.

జాబితాలో కార్డే లేకుంటే ముందు బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) ఆడియో ఆన్‌లో ఉందేమో చూడండి.