ఫ్యాక్టరీ గుమ్మం దాకా రైలు

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో లైప్‌జిగ్‌లో చదువుతోంది. ఉండేది ప్లాగ్విట్జ్ పేటలో. రైళ్లే రాని పాత పట్టాలు అక్కడ చాలాచోట్ల ఉన్నాయంటోంది. ఎందుకండీ?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ పట్టాల వెనక కార్ల్ హైనె అనే లాయరున్నాడు. 19వ శతాబ్దంలో ఆ పల్లెలో పొలాలు కొని, కాలువ తవ్వించి, ఫ్యాక్టరీలకు స్థలాలమ్మాడు. అసలు తెలివి పట్టాల్లో ఉంది. సరుకు స్టేషన్లో దించి బళ్లకెత్తే పని లేకుండా, ఒక్కో ఫ్యాక్టరీకి విడిగా లైను చీల్చి లోపలిదాకా వేశారు. బొగ్గు వ్యాగన్లోనే లోపలికి, సరుకు వ్యాగన్లోనే బయటికి. 1884లో మొదలైన అక్కడి నూలు మిల్లు పాతికేళ్లు తిరక్కుండానే యూరప్ ఖండంలోకెల్లా పెద్దదైంది. కాలువ మాత్రం హైనె అనుకున్నట్టు జాలె నదిని చేరనే లేదు!

1990లో రెండు జర్మనీలూ కలిశాక ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. పట్టాలకు పని పోయింది. నూలు మిల్లులో ఇప్పుడు చిత్రకారుల స్టూడియోలు, గ్యాలరీలు. నాకైతే బొమ్మలకన్నా ఆ ఎర్ర ఇటుక గోడలే ఇష్టం. స్టేషన్ మాత్రం బతికే ఉంది, లోకల్ రైళ్లు ఆగుతాయి. దాని పక్కన సరుకు రవాణా యార్డును పార్కు చేశారు. సాయంత్రం అటు నడిచి రమ్మనండి.